తొమ్మిది దగ్గర ఆగిన ముల్లు

ప్రతి ఏటా వైజ్ఞానిక ప్రదర్శనల రోజులు దగ్గరపడగానే మా ఊరి పుస్తకాల దుకాణం ముందు పిల్లలు గుమిగూడతారు. ఒకసారి నేను ఎర్ర రీఫిల్లు కొనడానికి వెళ్ళి ఆ గుంపులో ఇరుక్కుపోయాను. నా ముందు నిలబడ్డ ఏడో తరగతి కుర్రవాడు చీటీ చూసి చదువుతున్నాడు: "పేపరు కప్పులు వంద, ఐస్‌క్రీము పుల్లలు రెండు కట్టలు, థర్మోకోల్ అట్ట ఒకటి, మెరుపుల పొడి రెండు రంగులు, జిగురు ట్యూబు పెద్దది." వెనక వాళ్ళమ్మ పర్సు తీసి డబ్బులు లెక్క పెడుతోంది.

"ఇవన్నీ ఏం చేస్తావురా?" అని అడిగాను.

"బెస్ట్ అవుట్ ఆఫ్ వేస్ట్ సార్!" అన్నాడు ఉత్సాహంగా.

"మరి వేస్టు ఏదిరా?" అన్నాను.

వాడికి నా ప్రశ్న అర్థం కాలేదు. వాళ్ళమ్మకు అర్థమైంది గాని, పాపం, ఆవిడకు నవ్వు రాలేదు. కొత్త కప్పులు, కొత్త పుల్లలు, కొత్త అట్ట. ఇవన్నీ కలిపి ఒక కోట కడతారు. శుక్రవారం ప్రదర్శన. సోమవారం నాటికి ఆ కోట బడి వెనక గోడ పక్కన, చెత్తకుప్ప మీద ఉంటుంది. చెత్తను తగ్గించడం ఎలాగో చూపించడానికి మనం డబ్బిచ్చి చెత్తను కొని తెస్తున్నాం అన్నమాట!

విద్యార్థులారా, ఈ మాట అంటే మీలో కొందరికి కోపం రావచ్చు. ఎంతో కష్టపడి చేశామే అనిపించవచ్చు. మీ కష్టాన్ని నేను తక్కువ చేయడం లేదు. తప్పు మీది కాదు, మార్కులు వేసే మాది. అందులోనూ నాది ఎంతో చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను.

2019లో మండల స్థాయి ప్రదర్శన ఒకదానికి నేను ముగ్గురు న్యాయనిర్ణేతల్లో ఒకణ్ణి. బల్లల మీద తాజ్‌మహళ్ళు, నెమళ్ళు, మంచుకొండలు వరసగా ఉన్నాయి. చివరి బల్ల మీద మాత్రం ఒక పాత గోడ గడియారం, పక్కన ఒక రూళ్ళ నోటుపుస్తకం ఉన్నాయి. వెనక తొమ్మిదో తరగతి అమ్మాయి నిలబడి ఉంది.

"ఇదేమిటమ్మా?" అన్నాను.

"మా నాయనమ్మ గడియారం సార్. ఆగిపోతే బాగు చేశాను."

"అంతేనా? చార్టు లేదా?"

"లేదు సార్. నోటుపుస్తకంలో రాశాను."

నేను నోటుపుస్తకం తిప్పి చూశాను. చూశాను అంటే, పేజీలు తిప్పాను. ఇంకా ఇరవై బల్లలు చూడాలి, భోజనానికి వేళవుతోంది. ముగ్గురం కలిసి మొదటి బహుమతి నెమలికి ఇచ్చాం. గడియారం 'నమూనా కాదు' అని ఒకాయన అన్నారు, నేను తల ఊపి సంతకం పెట్టాను. సాయంత్రం ఆ అమ్మాయి గడియారాన్ని తువ్వాలులో చుట్టుకుని బస్సెక్కడానికి వెళుతుంటే, ఎందుకో మనసు ఆగక పిలిచి, నోటుపుస్తకం మళ్ళీ అడిగి తీసుకున్నాను. ఈసారి మెట్ల మీద కూర్చుని చదివాను. చదివాక చాలాసేపు నాకు తల ఎత్తాలనిపించలేదు.

అందులో ఏముందో చెబుతాను. గడియారం ఆగిపోయింది. అందరిలాగే కొత్త బ్యాటరీ వేసింది. నడవలేదు. సెకన్ల ముల్లు ఒకేచోట వణుకుతోంది, ముందుకు పోవడం లేదు. ఇక్కడ ఎవరైనా గడియారం పోయిందనుకుంటారు. ఈ అమ్మాయి మాత్రం ఒక విషయం గమనించింది. ముల్లును చేత్తో ఎక్కడ వదిలినా కొంతదూరం నడిచి, చివరికి తొమ్మిది అంకె దగ్గరే ఆగుతోంది. నాలుగుసార్లు చూసి నాలుగుసార్లూ పట్టిక వేసింది. కింద ఒక ప్రశ్న రాసుకుంది: 'తొమ్మిది దగ్గరే ఎందుకు?'

మీరూ ఒక్క క్షణం ఆలోచించండి. ముల్లు పన్నెండు నుంచి ఆరు దాకా కిందికి దిగుతుంది. ఆరు నుంచి పన్నెండు దాకా పైకి ఎక్కాలి. ఎక్కేటప్పుడు దాని బరువు వెనక్కి లాగుతుంది. తొమ్మిది దగ్గర ముల్లు నేలకు సమాంతరంగా ఉంటుంది కాబట్టి బరువు వల్ల కలిగే బలభ్రామకం అక్కడే అన్నిటికంటే ఎక్కువ. నిండు బిందెను చెయ్యి కిందికి వేలాడేసి మోయడం తేలిక, అదే చెయ్యి పక్కకు బారచాపి మోయడం కష్టం. ఇదీ అలాంటిదే. లోపలి శక్తి తగ్గిన గడియారం ఓడిపోయేది ఆ తొమ్మిది దగ్గరే. మన ఇళ్ళలో బ్యాటరీ అయిపోవచ్చిన గడియారాలను చూడండి, చాలా వాటిలో సెకన్ల ముల్లు ఆ చుట్టుపక్కలే కొట్టుకుంటూ ఉంటుంది.

ఆ అమ్మాయికి బలభ్రామకం అనే మాట తెలుసో లేదో, నోటుపుస్తకంలో అయితే లేదు. కాని తర్వాత చేసిన పని చూడండి. గడియారాన్ని గోడ మీద నుంచి తీసి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టింది. ముల్లు చక్కగా నడిచింది! పడుకోబెడితే బరువు ముల్లును ఏ వైపుకూ తిప్పలేదు కదా. అంటే చక్రాలు బాగానే ఉన్నాయి, యంత్రం పోలేదు, అందవలసిన శక్తి చాలడం లేదు అని తేలిపోయింది. కొత్త బ్యాటరీ వేసినా శక్తి చాలడం లేదంటే దారిలో ఏదో అడ్డుపడుతోంది. బ్యాటరీ అమరే చోట స్ప్రింగును చూస్తే తెల్లటి పొడి, దాని కింద తుప్పు ఉన్నాయి. ఎప్పుడో పాత బ్యాటరీ కారిందన్నమాట. నిమ్మరసంలో ముంచిన గుడ్డతో తుడిచి, ఆరాక గరుకు కాగితంతో రుద్దింది. గడియారం గోడ మీద నడిచింది. మొత్తం ఖర్చు ఒక నిమ్మకాయ.

పరిశీలన, ప్రశ్న, ఊహ, ఆ ఊహ నిజమో కాదో తేల్చే ప్రయోగం. మేము ఏడాదంతా బోర్డు మీద రాసి మీ చేత వల్లె వేయించే శాస్త్రీయ పద్ధతి ఇదే కదా! అది ఎదురుగా వచ్చి నిలబడితే నేను చార్టు లేదా అని అడిగాను.

ఇంతకీ ఆ గడియారం లోపల ఏముందో తెలుసా? ఒక చిన్న లోహపు గొట్టంలో క్వార్ట్జ్ స్ఫటికం ఉంటుంది. విద్యుత్తు అందితే అది సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఈ వింత సంఖ్య ఎందుకంటారా? కాగితం మీద దాన్ని రెండుతో భాగించండి. వచ్చినదాన్ని మళ్ళీ రెండుతో భాగించండి. పదిహేనుసార్లు చేస్తే సరిగ్గా 1 మిగులుతుంది. గడియారంలోని చిన్న సర్క్యూటు చేసేది అదే. సెకనుకు ఒక్క విద్యుత్ తాకిడి మిగిల్చి, దాన్ని రాగి తీగ చుట్టకు పంపుతుంది. తీగ చుట్ట విద్యుదయస్కాంతమై ఒక చిన్న అయస్కాంతాన్ని తిప్పుతుంది. అది పళ్ళచక్రాలను తిప్పుతుంది. గణితంలో ఘాతాంకాలు, భౌతికశాస్త్రంలో విద్యుదయస్కాంతం, యంత్రాల పాఠంలో పళ్ళచక్రాలు, ఇన్ని పాఠాలు ఒక చిన్న ప్లాస్టిక్ పెట్టెలో ఉన్నాయి. మనం మాత్రం దాన్ని చెత్తబుట్టలో వేసి, థర్మోకోల్‌తో గడియారం బొమ్మ చేసి బడికి తెస్తాం!

ఇప్పుడు నా అసలు ఫిర్యాదు వినండి. అలంకార వస్తువులు చేయడం వల్ల చెత్త తగ్గకపోవడం ఒక్కటే కాదు, కొన్నిసార్లు పనికొచ్చే పదార్థం పనికిరానిదైపోతుంది. తాగి పారేసిన నీళ్ళ సీసా సంగతే తీసుకోండి. అది పెట్ అనే ప్లాస్టిక్. అడుగున త్రికోణంలో 1 అంకె ఉంటుంది, చూడండి. శుభ్రంగా ఉన్న సీసాను పాతసామాన్లవాడు కొంటాడు. దాన్ని ముక్కలు చేసి, కరిగించి, పాలిస్టర్ దారం తీస్తారు. అదే సీసాను మీరు సగానికి కోసి, రంగు పూసి, జిగురు రాసి, మెరుపుల పొడి చల్లి పెన్నుల స్టాండు చేశారనుకోండి. దాన్ని ఎవడూ కొనడు. రంగు, జిగురు కలిసిన ప్లాస్టిక్‌ను వేరు చేయడం దండగమారి పని. పైగా ఆ మెరుపుల పొడి చాలావరకు సన్నగా తరిగిన ప్లాస్టిక్ పొరే. మీ ఇంట్లో పెన్నుల స్టాండు నిజంగా అవసరమైతే చేసుకోండి, నేను కాదనను. అయిదోది ఎందుకు?

థర్మోకోల్ సంగతి మరీ అన్యాయం. దాని ఘనపరిమాణంలో నూటికి తొంభై అయిదు పాళ్ళకు పైగా గాలే. లారీ నిండా వేసినా బరువు తూగదు కాబట్టి పాతసామాన్లవాడు దాని వైపు చూడడు. విరిస్తే తెల్ల పూసలై కాలవల్లోకి పోతుంది, మట్టిలో కలవదు. 2022 జూలై 1 నుంచి మన దేశంలో నిషేధించిన ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల్లో అలంకరణ కోసం వాడే థర్మోకోల్ కూడా ఉంది. ఇది చదివే ఉపాధ్యాయ మిత్రులు దయచేసి ఆ సంగతి గుర్తు పెట్టుకోవాలి. నిషేధించిన వస్తువుతో 'పర్యావరణాన్ని రక్షించండి' అని అక్షరాలు కత్తిరించి వేదిక మీద అతికించడం నేను కళ్ళారా చూశాను.

అయితే చేతులతో ఏమీ చేయకూడదంటారా మాస్టారూ అని అడుగుతారేమో. చేయాలి, తప్పకుండా చేయాలి. చేసిన వస్తువు మీకు ఏదో ఒకటి చెప్పాలి, అంతే. అరవింద్ గుప్తా గారి పేరు వినే ఉంటారు. కాన్పూరు ఐ.ఐ.టి.లో చదివిన ఇంజనీరు. 1978లో ఉద్యోగానికి ఏడాది సెలవు పెట్టి మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాకు వెళ్ళారు. అక్కడి పల్లెటూరి బడుల్లో 1972 నుంచి పిల్లలే ప్రయోగాలు చేసుకుంటూ సైన్సు నేర్చుకునే కార్యక్రమం అప్పట్లో నడుస్తూ ఉండేది. సంతలో దొరికే సైకిలు వాల్వు ట్యూబు ముక్కలను కీళ్ళుగా, అగ్గిపుల్లలను కడ్డీలుగా వాడి ఆయన ఆకారాలు కట్టించారు. చతురస్రం కట్టి నొక్కండి, పక్కకు ఒరిగిపోతుంది. త్రికోణం కట్టి నొక్కండి, కదలదు. రేకుల షెడ్డు కింద ఇనుప దూలాల్లో అన్ని త్రికోణాలు ఎందుకున్నాయో రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. పని అయ్యాక పుల్లలు ఊడదీసి మళ్ళీ డబ్బాలో వేసుకోవచ్చు. జిగురు లేదు, మెరుపులు లేవు, సోమవారం చెత్తకుప్ప లేదు. దానికీ నెమలికీ తేడా అది. (మందు గీకేసిన పుల్లలు వాడాలి సుమా!)

మా చిన్నతనంలో దీనికి హాబీ అనే పేరు లేదు. బడి మూసే రోజుల్లో ప్రతి ఇంట్లో పిల్లలు పాత నోటుపుస్తకాల్లో మిగిలిన తెల్ల కాగితాలు చింపి ఒకచోట చేర్చేవాళ్ళు. దబ్బనంతో కుట్టి, పెళ్ళి శుభలేఖల అట్టలు వేసి, మైదాపిండి ఉడికించిన బంకతో అతికిస్తే వచ్చే ఏటికి చిత్తుపుస్తకం తయారు. బైండింగు చేసే ఆయన ఆ బంకలో చిటికెడు మైలుతుత్తం కలిపేవాడు, పురుగు పట్టకుండా. మైలుతుత్తం అంటే మీరు ప్రయోగశాలలో చూసే నీలి రంగు కాపర్ సల్ఫేటు. అది విషం, మీరు ఇంట్లో కలపవద్దు. మామూలు బంక చాలు. మీ దగ్గర ఆరు నోటుపుస్తకాలు, ఒక్కొక్కదానిలో ఇరవై పేజీలు మిగిలాయనుకోండి, 120 పేజీలు. మీ తరగతిలో నలభైమంది ఉంటే లెక్క మీరే వేసుకోండి. నేను నా పాఠాల ప్రణాళిక ఇప్పటికీ అలాంటి పుస్తకంలోనే రాసుకుంటాను. అధికారులు తనిఖీకి వస్తే మాత్రం కొత్తది చూపించాలి, అది వేరే సంగతి.

వీధిలోకి కళాయి పోసేవాడు వచ్చేవాడు. తోలుతిత్తితో బొగ్గులు రాజేసి, ఇత్తడి గిన్నె వేడి చేసి, దూదితో నవాసాగరం పొడి రుద్ది, తగరం ముక్క తాకించేవాడు. క్షణంలో గిన్నె లోపలంతా వెండిలా మెరిసేది. మేము నోళ్ళు తెరిచి చూసేవాళ్ళం. నవాసాగరం అంటే అమ్మోనియం క్లోరైడు. వేడికి అది విడిపోయి, గిన్నె మీది ఆక్సైడు పొరను తినేస్తుంది, అప్పుడే తగరం అంటుకుంటుంది. తగరం 232 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది కాబట్టి బొగ్గుల మంట చాలు. ఈ మాటలేవీ ఆయనకు తెలియవు. మాకు చెప్పగలవాళ్ళూ అప్పుడు లేరు. ఇప్పుడు చెప్పగల మాస్టర్లం ఉన్నాం, కళాయి పోసేవాడే రావడం మానేశాడు.

"కొత్త గడియారం నూట యాభై రూపాయలకు దొరుకుతుంది, రెండు రోజులు కూర్చుని బాగు చేయడమేమిటి?" అని మీ ఇంట్లో పెద్దవాళ్ళు అనవచ్చు. డబ్బు లెక్కలో వాళ్ళు చెప్పింది నిజమే కావచ్చు, నేను వాదించను. కాని ఆ నూట యాభైలో పారేసిన గడియారం లెక్క లేదు. 2022వ సంవత్సరం ఒక్కదానిలో ప్రపంచమంతటా పోగైన ఎలక్ట్రానిక్, ఎలక్ట్రికల్ చెత్త 6 కోట్ల 20 లక్షల టన్నులని ఐక్యరాజ్యసమితి నివేదిక చెప్పింది. అందులో సరైన పద్ధతిలో సేకరించి తిరిగి వాడుకలోకి తెచ్చినట్టు లెక్కకు దొరికింది నాలుగో వంతు కంటే తక్కువ. పైగా ఈనాటి వస్తువులు చాలా వాటికి మరలు ఉండవు, జిగురుతో అతికించేస్తారు. తెరిస్తే విరుగుతాయి. ఇది మీ చేతకానితనం కాదు, చేసినవాడి తీరు. అందుకే చాలా దేశాల్లో బాగు చేసుకునే హక్కు గురించి మాట్లాడుతున్నారు. ఫ్రాన్సులో 2021 నుంచి కొన్ని వస్తువుల మీద, దాన్ని బాగు చేయడం ఎంత తేలికో పదికి ఇన్ని మార్కులని అచ్చు వేయాలన్నారు. మన ప్రభుత్వం కూడా 2022 డిసెంబరులో ఈ హక్కు కోసం ఒక పోర్టల్ ప్రారంభించింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో 2009లో మొదలైన రిపేర్ కెఫేలో అయితే పాడైన వస్తువు పట్టుకెళ్ళినవాళ్ళూ, పని తెలిసినవాళ్ళూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. ఆ పద్ధతి ఎన్నో దేశాలకు పాకింది.

ఆ ప్రదర్శన తర్వాత మా బడిలో నెలకొక శనివారం మధ్యాహ్నం మేమూ ఒక బల్ల వేశాం. అన్నీ బాగుపడ్డాయని కోతలు కోయను. గొడుగులు, జిప్పులు, తెగిన చెప్పులు, బ్యాటరీ బొమ్మలు బాగానే కుదిరాయి. ఒక కుర్రవాడు తాతగారి ట్రాన్సిస్టర్ రేడియో విప్పి, ఎనిమిది మరల్లో ఏడు మాత్రమే తిరిగి పెట్టగలిగాడు. వాళ్ళమ్మగారు బడికి వచ్చి నన్ను నాలుగు మాటలు అన్నారు. ఆవిడ కోపం న్యాయమే. అప్పటినుంచి మేము పెట్టుకున్న నియమం, విప్పే ముందు ఇంట్లో అడగాలి, విప్పిన ప్రతి మర ఎక్కడిదో బొమ్మ గీసుకోవాలి. ఇంకొక నియమం అంతకంటే పెద్దది. గోడ ప్లగ్గుకు తగిలించే వస్తువును దేన్నీ పిల్లలు విప్పకూడదు. స్విచ్చి ఆపినా, ప్లగ్గు తీసినా సరే, కొన్నిటిలో కెపాసిటర్లు కరెంటును దాచుకుని ఉంటాయి. సెల్‌ఫోను బ్యాటరీలకు కూడా దూరం, గుచ్చుకుంటే మండుతాయి. మామూలు పెన్‌టార్చి బ్యాటరీతో నడిచేవి మాత్రమే మీవి. వాటిలోనే కావలసినంత సైన్సు ఉంది.

తోటి ఉపాధ్యాయులకు నా మనవి ఒక్కటి. వచ్చే ప్రదర్శనలో మార్కుల పట్టికలో 'అందం' అన్న గడి పక్కన 'ప్రయత్నాల పుస్తకం' అని ఒక గడి గీయండి. బాగుపడని వస్తువు తెచ్చినా, ఎందుకు బాగుపడలేదో రాసినవాడికి నిండా మార్కులు వేయండి. ఈ మాట ఒక సమావేశంలో అంటే, "బల్ల మీద పాత సామాన్లు పెడితే వచ్చిన అతిథులు ఏమనుకుంటారు?" అని ఒకరు అడిగారు. నాకు జవాబు తోచలేదు. అతిథులు నెమళ్ళను చూసి ఏమనుకుంటున్నారో ఎవరైనా అడిగారా అని ఇంటికి వచ్చాక తోచింది.

రెండేళ్ళ క్రితం బస్టాండులో ఆ అమ్మాయి కనిపించింది. పాలిటెక్నిక్ చదువుతోందట. ఆ రోజు నేను చేసింది పొరపాటని చెప్పాను. ఆమె సిగ్గుపడి, "ఫరవాలేదు సార్" అని, వెంటనే "ఆ గడియారం మళ్ళీ ఆగిపోతోంది సార్!" అంది. ఈసారి తొమ్మిది దగ్గర కాదట. ఒకరోజు రెండు దగ్గర, ఒకరోజు ఏడు దగ్గర, ఎక్కడ పడితే అక్కడ. పడుకోబెట్టినా ఆగుతుందట. స్ప్రింగు శుభ్రంగానే ఉందట. వేలితో నెమ్మదిగా తడితే మళ్ళీ నడుస్తుందట.

ఎక్కడ పడితే అక్కడ ఆగుతోంది కాబట్టి ముల్లు బరువు కారణం కాదు. తడితే నడుస్తోంది. అంటే ఏమై ఉంటుంది? బస్సు వచ్చేదాకా ఇద్దరం ఆలోచించాం, రెండు ఊహలు వచ్చాయి. అవి ఇక్కడ చెప్పను. మీకు ఏమి తోస్తోందో, దాన్ని తేల్చడానికి ఏ ప్రయోగం చేయాలో రాసి పత్రికకు పంపండి. గడియారం ఇంకా వాళ్ళ ఇంట్లోనే ఉంది.